తిరుపతిలో ఉంటూ మర పడవ కొన్నవాడి సందేహాలు, జాగ్రత్తలు

తిరుపతిలో ఉంటూ మర పడవ కొన్నానని చెప్పగానే, దాన్ని తెప్పోత్సవానికి అద్దెకిస్తావా అని చాలామంది అడిగారు. పరిహాసానికే అడిగినా అందులో న్యాయం లేకపోలేదు. మా ఊరికి సముద్రం రోడ్డు దారిన దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరి పక్కనుంచే పోయే స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ నెలలు నీటికన్నా ఇసుకే కనబడుతుంది. అయితే ఆ స్వర్ణముఖే శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సాగి, వాకాడు బ్యారేజీ దాటాక బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ ప్రాంతంలో మా బావమరిదికి రొయ్యల గుంటలున్నాయి, గుంటల వెనుకనే ఉప్పుటేరు ఉంది. సెలవు దొరికినప్పుడల్లా పిల్లలతో అక్కడికి పోయి, గట్టు మీద కూర్చుని జాలర్ల ఫైబర్ పడవలను చూస్తూ గడిపిన అలవాటే చివరకు నా చేత పడవ కొనిపించింది.

కొనడానికి ముందు నాకున్న భయాలన్నీ నీటి మీద జరగబోయేవాటి గురించే. మోటారు నడిమధ్యలో ఆగిపోతే ఏమి చేయాలి, అల వచ్చి బోల్తా కొడితే పిల్లలను ఎట్లా పట్టుకోవాలి, తిరిగి ఒడ్డుకు చేరగలమా అన్న ఆలోచనలతో నిద్ర పట్టేది కాదు. పడవతో కొంతకాలం గడిపాక, నావంటి కొత్త యజమానులు మరికొందరిని చూశాక తెలిసినదేమంటే, నీటి మీద ఎదురయ్యే కష్టాల్లో ఎక్కువ భాగానికి బీజం నేల మీదే పడుతుంది. కొనే రోజున వెనుక పలకను తట్టి చూడకపోవడం, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు వదిలేయడం, ఉప్పునీటిలో తిరిగి వచ్చిన మోటారును కడగకుండా టార్పాలిన్ కప్పేయడం వంటివి ఆ రోజుకు చిన్న విషయాలుగానే తోస్తాయి. అందుకే ఈ రాతలో నీటికన్నా నేల గురించి ఎక్కువ ఉంటుంది.

నేను కొన్నది 18 అడుగుల ఫైబర్ పడవ. పడవ పాతది, దానికి బిగించిన 40 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ వెనుక బయటివైపు తగిలించేది, కొత్తది. పాత పడవలను చూడడానికి పోయినవారు సాధారణంగా రంగు, సీట్లు, మోటారు మోత చూసి తృప్తిపడతారు. చూడవలసినది మోటారును మోసే వెనుక పలకను. ఫైబర్ పొరల మధ్య దాచిన చెక్కకు ఏ బోల్టు రంధ్రం నుంచో నీరు చేరితే, పైకి నిగనిగలాడుతున్నా లోపల చెక్క కుళ్లిపోతుంది. చెక్క సుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోతే, గట్టి చోట ఖణేల్మని, కుళ్లిన చోట మొద్దుగా వినబడుతుంది. మోటారు బిగించి ఉన్న పడవైతే నీటిలోకి దిగే మోటారు కాలును పట్టుకుని పైకీ కిందికీ ఊపి, పలక వంగుతున్నదా అని చూడాలి. నాకు ఈ పరీక్ష నేర్పినది వాకాడు వైపు జాలరి పల్లెలోని ఒక పెద్దాయన. ఆయన నా వెంట చెన్నై శివార్ల దాకా వచ్చి, నాకు ఎంతో నచ్చిన మొదటి పడవను రెండు దెబ్బలు కొట్టి, "వద్దు సార్, ఇది లోపల తడి" అని తేల్చేశారు. అమ్మేవాడు ముఖం చిట్లించాడు గాని, కాదనలేకపోయాడు.

మోటారు కొనేటప్పుడు హార్స్‌పవర్ మీదనే అందరి దృష్టి ఉంటుంది. దాని కాలు పొడవును అడిగేవారు తక్కువ. అవుట్‌బోర్డ్ మోటార్లలో 15 అంగుళాల పొట్టి కాలు, 20 అంగుళాల పొడుగు కాలు ఎక్కువగా దొరుకుతాయి. వెనుక పలక ఎత్తును బట్టి అది కుదరాలి. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డపలక దాదాపు పడవ అడుగు మట్టానికి రావాలి. పొడుగు పలకకు పొట్టి కాలు బిగిస్తే ప్రొపెల్లర్ గాలిని మింగి ఊరికే తిరుగుతుంది, పొట్టి పలకకు పొడుగు కాలు బిగిస్తే లోతు తక్కువగా ఉన్న మా ఏట్లో అడుగడుగునా నేల తగులుతుంది. చౌకగా వస్తున్నదని కాలు చూడకుండా మోటారు కొని, తర్వాత పలకను కోయించుకున్నవారిని నేనెరుగుదును.

పన్ను విషయంలో ఒక ఆశ కలగడం సహజం. వినోదానికి వాడే పడవల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. చేపల వేట నౌకల మీద అది 5 శాతమే. వేట పడవగా బిల్లు రాయించుకుంటే సరిపోతుందని సలహా ఇచ్చేవారు ప్రతిచోటా ఉంటారు. కాగితం మీద వేట పడవను పెట్టుకుని దాని మీద కుటుంబాన్ని షికారుకు తిప్పడమంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా చేతిలో ఉండీ లేనట్టే. నేను ఆ దారి పట్టలేదు. పాత పడవను ఎన్నుకోవడానికి కారణాల్లో పన్ను కూడా ఒకటి.

నదులు, కాలువలు, సరస్సుల మీద తిరిగే మర పడవలకు 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వర్తిస్తుంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన దీని ప్రకారం పడవకు దాన్ని పరిశీలించి ఇచ్చే సర్వే పత్రం, రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. సముద్రపు నియమాలు వేరు, వేట పడవల నియమాలు మరీ వేరు. నాకు తగిలిన చిక్కు ఏమంటే, ఒక కార్యాలయం వారు సర్వే పత్రం లేనిదే బీమా మాట ఎత్తవద్దన్నారు. సర్వేకు పోతే పడవ తయారైన చోటి పత్రాలు, కొలతల చిత్రం అడిగారు. పాత పడవ కనుక ఆ చిత్రం పాత యజమాని దగ్గర లేదు, కట్టినవారి దగ్గర వెతికించవలసి వచ్చింది. పాత పడవ కొనేవారు డబ్బు చేతికిచ్చే ముందే ఈ కాగితాలను అడిగి తీసుకుంటే నెలల ఆలస్యం తప్పుతుంది. డబ్బు ముట్టిన తర్వాత అమ్మినవాడి ఫోను తరచుగా స్విచ్చాఫ్ అవుతుంది.

పడవను మొదట తిరుపతికే తెచ్చాను. వైరింగు, సీట్లు, బ్యాటరీ పెట్టె వంటి పనులు కళ్లెదుట జరగాలన్నది నా ఆలోచన. ఇరుగుపొరుగు నాలుగు రోజులు వింతగా చూశారు. బ్రహ్మోత్సవాల రద్దీలో మా వీధికి మళ్లిన వాహనాలు పడవను చుట్టుకుని పోవలసి వచ్చినప్పుడు ఆ వింత కాస్తా విసుగుగా మారింది. పనులు ముగిసిన వెంటనే దాన్ని బావమరిది గుంటల దగ్గర రేకుల షెడ్డులోకి చేర్చాను. నీటికి దూరంగా పడవను పెట్టుకునే నావంటివారు, పడవను కారు వెనుక లాక్కుపోయే ట్రైలర్ గురించి తెలుసుకోవలసినది చాలా ఉంది. ట్రైలర్‌కు కూడా రవాణా శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి. నాయుడుపేట రహదారి మీద గంట సేపు పరుగెత్తి వచ్చిన చక్రాల బేరింగులు కాలిపోతూ ఉంటాయి. ఆ వేడి మీద వాటిని ఉప్పునీటిలో దింపితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుని నీటిని లాక్కుంటుంది, గ్రీజు పాడవుతుంది, కొన్నాళ్లకు నడిరోడ్డు మీద చక్రం బిగుసుకుపోతుంది. కనుక ఒడ్డుకు చేరాక చక్రాలు చల్లారే దాకా టీ తాగుతూ కూర్చోవడమే మంచిది. ట్రైలర్‌ను వెనక్కు నడపడం వేరే విద్య. ఖాళీ మైదానంలో నేర్చుకున్నాకే ఒడ్డుకు పోవాలి. మా పక్కన సిమెంటు వాలు లేదు, ఇసుక ఒడ్డే ఉంది. అక్కడ కారు దింపితే చక్రాలు ఇసుకలో కూరుకుపోతాయి. జాలర్లు ట్రాక్టరుతో పడవలను లాగుతారు. నేనూ ట్రాక్టరునే పిలుస్తాను.

ఇక పెట్రోలు. కొత్త యజమాని దిగుళ్లలో దీనికి ఉండవలసినంత చోటు ఉండదు, అయినా నా అనుభవంలో ఎక్కువ ఆలోచన దీనికే ఖర్చయింది. మా చుట్టుపక్కల ఉప్పుటేరు గట్టున పెట్రోలు బంకు ఉండదు కనుక రోడ్డు మీద నింపుకుని తెచ్చుకోవాలి. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి 30 లీటర్ల దాకా పెట్రోలును లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు; దాన్ని గట్టిగా మూత బిగించిన పాత్రలోనే ఉంచాలి, లోహపు పాత్ర అయితే 25 లీటర్లకు మించకూడదు. నీళ్ల క్యాన్లు, వంటనూనె డబ్బాలు పట్టుకుపోతే బంకువారు పోయరు, పోయకపోవడమే న్యాయం. ఈ 30 లీటర్ల హద్దు నా ప్రయాణాల పొడవును కూడా నిర్ణయించింది. 40 హార్స్‌పవర్ మోటారు పూర్తి వేగంలో గంటకు సుమారు 15 లీటర్లు తాగుతుంది. ఉన్న పెట్రోలులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు అనుకోని అవసరానికి అన్నది పడవల వారు పాటించే లెక్క. అంటే పోవడానికి నా చేతిలో ఉండేది 10 లీటర్లే. పూర్తి వేగంలో అది ముప్పావు గంటకు కూడా చాలదు. సగం వేగానికి తగ్గితే ఎంతో ఆదా అవుతుంది. ఎదురుగాలిలో, పోటుకు ఎదురు తిరిగి వచ్చేటప్పుడు మాత్రం పోయిన దానికన్నా ఎక్కువ ఖర్చవుతుందని మరవకూడదు. లీటరు నూరు రూపాయలు దాటిన ఈ రోజుల్లో ఈ లెక్క జేబుకు కూడా తెలుస్తుంది.

ఆ పెట్రోలు స్వభావం మరో సంగతి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అవుట్‌బోర్డ్ మోటార్ల తయారీదారుల్లో ఎక్కువమంది తమ పుస్తకాల్లో 10 శాతాన్ని హద్దుగా రాశారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలిలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకు వారాల తరబడి పడి ఉంటే, నీటితో కలిసిన ఇథనాల్ విడివడి అడుగుకు దిగుతుంది, మోటారు మొదట పీల్చేది ఆ అడుగు భాగాన్నే. డీలరు సలహా మీద నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టించాను, ఇంధనపు రబ్బరు గొట్టాలను ముందుగానే మార్చే ఏర్పాటు చేసుకున్నాను. అన్నిటికన్నా పనికివచ్చిన అలవాటు మాత్రం చాలా మామూలుది: షికారు ముగియగానే ట్యాంకులో మిగిలినదంతా బావమరిది స్కూటరులోకి, రొయ్యల గుంటల దగ్గరి పెట్రోలు పంపుసెట్టులోకి పోతుంది. వచ్చేసారికి కొత్త పెట్రోలు. ట్యాంకును పడవలో ఉంచి నింపకూడదు, కింద నేల మీద పెట్టి నింపాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, పడవ అడుగున పేరుకుని ఒక నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

ట్యాంకు మూత మీద గాలి ఆడడానికి ఒక చిన్న మర ఉంటుంది. రవాణాలో దాన్ని బిగిస్తాం, నడిపేటప్పుడు విప్పాలి. విప్పకపోతే మోటారు చక్కగా స్టార్టయి, కొద్ది నిమిషాలు నడిచి, సరిగ్గా ఏటి నడుమకు చేరాక దగ్గి ఆగిపోతుంది. ట్యాంకు నుంచి మోటారుకు పోయే గొట్టం మీద చేతితో నొక్కే రబ్బరు బుడ్డి చప్పిడిగా అణిగి ఉంటే కారణం అదే. మెకానిక్‌కు ఫోను చేయడానికి ముందు అందరూ ఈ మరను చూస్తే, సగం ఫోన్లు తగ్గుతాయని మా మెకానిక్ అంటూ ఉంటాడు.

కొత్త మోటారును మొదటి 10 గంటలు మెత్తగా నడపాలి. నా మోటారుతో వచ్చిన పుస్తకం మొదటి గంట తక్కువ వేగం, రెండో గంట కాస్త ఎక్కువ, తర్వాత కూడా ఒకేసారి అయిదు నిమిషాలకు మించి పూర్తి వేగం వద్దని చెబుతుంది. మొదటి సర్వీసు 20 గంటలకు. పిల్లలకు ఈ 10 గంటలు మహా శిక్ష. వారికి కావలసినది వేగం. ఈ దశ దాటాక పూర్తి వేగంలో మోటారు ఎన్ని చుట్లు తిరుగుతున్నదో తప్పక చూడాలి. పుస్తకంలో చెప్పిన పరిధిని అందుకోకపోతే ప్రొపెల్లర్ పిచ్, అంటే ఒక్కో చుట్టుకు అది ముందుకు పోవలసిన దూరం, ఎక్కువైందన్నమాట. పిచ్‌లో ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 200 చుట్లు పెరుగుతాయి. ప్రొపెల్లర్ మార్చడం పది నిమిషాల పని, తప్పు ప్రొపెల్లర్‌తో ఏళ్ల తరబడి మోటారును ఈడ్పించడం ఖరీదైన పని.

నీటి మీదికి వస్తే, మా వైపు పడవకు ప్రమాదం లోతువల్ల కాదు, లోతు లేకపోవడం వల్ల. ఉప్పుటేరులో పోటు వేళకు నిండుగా కనబడే చోట ఆటు వేళకు మోకాటి లోతు బురద మిగులుతుంది. పోయేటప్పుడు దాటిన దారే వచ్చేటప్పుడు ఉండదు. అందుకని నేను పోటు మొదలవుతుండగా బయలుదేరి, అది తీయక ముందే తిరుగుముఖం పడతాను. ఒకవేళ ఎక్కడైనా తగులుకున్నా పెరుగుతున్న నీరు పడవను లేపుతుంది. తీస్తున్న నీటిలో తగులుకుంటే తర్వాతి పోటు దాకా దోమలతో కాపురం. 2021 నవంబరు వరదల వంటివి వచ్చి పోయాక ఏటి అడుగున ఇసుక దిబ్బలు చోటు మారతాయి. పాత గుర్తులు పనికిరావు. వెదురు గెడ ఒకటి ఎప్పుడూ పడవలో ఉండాలి. ఖరీదైన లోతు మీటరు ఉన్నవారికి కూడా గెడ అవసరమే.

పులికాట్ మీద పడవ నడపవచ్చు కదా అని తిరుపతిలో చాలామంది అడుగుతారు. తడ దగ్గర భీములవారిపాళెం నుంచి పడవల్లో తిరిగి వచ్చినవారికి ఆ ఆశ కలుగుతుంది. చిలికా తర్వాత దేశంలో పెద్దదైన ఆ ఉప్పునీటి సరస్సు విశాలంగా కనబడినా సగటు లోతు మీటరు దరిదాపే; నా మోటారు కాలు దాని అడుగును దున్నుకుంటూ పోవలసివస్తుంది. రాయదొరువు వైపు ముఖద్వారం పూడిపోవడంతో నీరు మరింత పలచబడింది. పైగా అది పక్షుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా సొంత మర పడవతో దిగే చోటు కాదు. ఫ్లెమింగోలు మేసేది ఆ పలుచని నీటిలోనే కనుక, అనుమతి దొరికినా అక్కడ మోటారు మోత పెట్టడానికి నాకు మనసొప్పదు.

వలల విషయం సున్నితమైనది. ఏట్లో జాలర్లు కట్టిన వలల గుర్తులు కొత్తవారి కంటికి తేలుతున్న చెత్తలాగా కనబడతాయి: ఒక థర్మోకోల్ ముక్క, ఒక ఖాళీ సీసా. వాటి మీదుగా పోతే వారి బతుకుతెరువు తెగుతుంది, మన ప్రొపెల్లర్‌కు నైలాను దారం చుట్టుకుంటుంది. ఆ దారం ప్రొపెల్లర్ వెనుకకు చేరి సీలును కోసేస్తే గేరు ఆయిలులోకి నీరు దిగుతుంది. ఆయిలు మార్చేటప్పుడు పాలు కలిపిన టీ రంగులో వస్తే అదే గుర్తు. పడవ దింపడానికి ముందే నేను బావమరిదితో కలిసి ఊరి పెద్దకాపును చూడడానికి వెళ్లాను. ఏ వేళల్లో, ఏ వైపు తిరగవచ్చో ఆయన చెప్పారు, వల తెగితే నష్టం కట్టాలన్న మాట నేనిచ్చాను. ఏ చట్టంలోనూ లేని ఈ అనుమతి నాకు మిగతా అన్ని అనుమతులకన్నా ఎక్కువ ఉపయోగపడింది. మోటారు మొండికేసిన రోజున తాడు కట్టి లాక్కొచ్చేది ఆ ఊరివారే.

ఎంతమందిని ఎక్కించుకోవాలన్న ప్రశ్నకు తిరుపతివారికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. దర్శనానికని వచ్చే చుట్టాలు మాకు కొత్త కాదు. పడవ కొన్నాక వారి ప్రయాణంలో తిరుమల, కాళహస్తి, ఆ తర్వాత మా పడవ అన్న క్రమం ఏర్పడింది. వద్దని చెప్పడానికి మొహమాటం. అమెరికా కోస్ట్ గార్డు చిన్న పడవలకు చెప్పే ఒక లెక్క ఉంది: పొడవును, వెడల్పును అడుగుల్లో గుణించి 15తో భాగించాలి. నా 18 అడుగుల పడవ వెడల్పు 6 అడుగులు కనుక ఏడుగురు వస్తారు. అది ప్రశాంతమైన నీటికి, మామూలు బరువు మనుషులకు పైహద్దు. నేను నడిపేవాడితో కలిపి అయిదుగురని నియమం పెట్టుకున్నాను. మా మామగారు ఒకసారి, "అంత పెద్ద పడవలో ఇంకో ఇద్దరు పట్టరా అల్లుడూ?" అన్నారు. పట్టడం వేరు, తేలడం వేరు మామా అని చెప్పి రెండు విడతలుగా తిప్పాను. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోనూ, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలోనూ పడవలు మునిగి ఏమి జరిగిందో తెలుగువారెవరూ మరచిపోలేదు. ఆ రెంటి ప్రస్తావన తెచ్చాక మా ఇంట్లో లైఫ్ జాకెట్ గురించి వాదన లేదు. జాకెట్లను సీటు కింద దాచి, అవసరమైతే తొడుక్కుందామనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పడవ తిరగబడేటప్పుడు ఆ సమయం ఉండదు. బరువును బట్టి సైజు తీసుకోవాలి, పిల్లల జాకెట్లకు కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ ఉండాలి, లేకపోతే నీటిలో పడగానే జాకెట్ తలమీదుగా పైకి లేచిపోతుంది.

మోటారు పక్కన ఎర్రటి చుట్టల తాడు ఒకటి వేలాడుతుంది, కిల్ స్విచ్‌ది. నడిపేవాడు దాన్ని తన జాకెట్‌కో, మణికట్టుకో తగిలించుకుంటే, అతడు నీటిలో పడిన క్షణాన మోటారు ఆగుతుంది. తగిలించుకోకపోతే, మనిషి లేని పడవ మెలికలు తిరుగుతూ పడినవాడి మీదికే రావచ్చు. అమ్మకానికి వచ్చిన పాత పడవల్లో చాలావాటికి ఈ తాడు మోటారుకే శాశ్వతంగా చుట్టేసి ఉండడం చూశాను.

లంగరును వెనుక వైపున కట్టడం కూడా తరచుగా కనబడుతుంది, మోటారు ఉన్న చోట చేతికి అందుతుంది కనుక. వెనుక పలక పొట్టి, మోటారు బరువంతా అక్కడే ఉంటుంది. ప్రవాహం లాగితే నీరు లోపలికి వస్తుంది. లంగరు ఎప్పుడూ ముక్కు వైపే కట్టాలి, తాడు లోతుకు అయిదు నుంచి ఏడు రెట్లు వదలాలి.

ముఖద్వారం దాటి సముద్రంలోకి నా పడవను తీసుకుపోలేదు. నా కాగితాలు లోపలి నీటికి సంబంధించినవి, పైగా ఇసుక తిన్నె మీద విరిగే అలను దాటడం ఒకరు చెబితే వచ్చే విద్య కాదు. జాలర్ల పడవలో వారితో పోయి చూశాను; అలల వరుసను లెక్కపెట్టుకుంటూ, ఒక్క క్షణం తెరిపి చూసి మోటారును పెంచే వారి ఒడుపు చూశాక నా నిర్ణయం సరైనదేనని తోచింది. లోపలి నీటికైనా గాలి చూడకుండా బయలుదేరను. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, గాలి వేగం ముందుగా చెబుతుంది. మా తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపానులు. ఆ నెలల్లో పడవ షెడ్డులోనే ఉంటుంది. మిగతా కాలంలో మధ్యాహ్నం సముద్రపు గాలి లేవక ముందే ఒడ్డుకు చేరడం అలవాటు చేసుకున్నాను. శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగం ఉన్నప్పుడు సముద్రంలో హద్దులు ప్రకటిస్తారు, వేటకు పోయేవారు వాటిని గమనిస్తూ ఉంటారు. కోస్ట్ గార్డు నంబరు 1554, తీర పోలీసులది 1093. రెంటినీ పడవ లోపలి పలక మీద చెరగని రంగుతో రాయించాను, ఫోను ఎవరి చేతిలో ఉన్నా చూసుకోవడానికి.

పడవ ఒడ్డుకు వచ్చాక చేసే పని షికారు కన్నా ఎక్కువ సేపు పడుతుంది. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో మంచినీరు నింపి, మోటారు కాలును అందులో దింపి, పది పదిహేను నిమిషాలు నిదానంగా నడపాలి. మోటారు వెనుక నుంచి సన్నని ధారగా నీరు చిమ్ముతూ ఉండాలి. ఆ ధార ఆగిందంటే లోపలి రబ్బరు ఇంపెల్లర్ నీరు తోడడం లేదని అర్థం. నీరు లేకుండా ఒక్క నిమిషం నడిపినా ఆ రబ్బరు రెక్కలు కాలిపోవచ్చు, కనుక ఒకసారి మోగించి చూద్దామని ఒడ్డు మీద తాళం తిప్పేవారిని నేను ఆపేస్తాను. ఉప్పునీటిలో మోటారు లోహాన్ని తినే తుప్పును తమ మీదికి తీసుకునే జింకు ముక్కలు సగం అరిగితే మార్చాలి; వాటికి రంగు వేస్తే పని చేయవు. అడుగున నీరు పోవడానికి ఉండే రంధ్రపు బిరడాను ఒడ్డు మీద తీసి ఉంచాలి, వాన నీరు నిలవకుండా. నీటిలో దింపే ముందు తిరిగి బిగించాలి. ఎంత అనుభవం ఉన్నవారైనా మరచిపోయేది ఈ బిరడానే. నేను దాన్ని కిల్ స్విచ్ తాడుకే కట్టి ఉంచుతాను. అది చేతికి రాకుండా మోటారు నడవదు, చేతికి వచ్చాక బిగించకుండా పోలేను.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. నాకు వేట లేకపోయినా ఈ తేదీలు క్యాలెండరులో గుర్తుపెట్టుకోవలసి వస్తుంది. ఆ రెండు నెలల్లో జాలర్ల మోటార్లన్నీ ఒకేసారి మరమ్మతుకు వస్తాయి. మెకానిక్‌లు, ఇంపెల్లర్లు, సీళ్లు ఏవీ దొరకవు, దొరికినా వారి పని ముందు జరగడమే ధర్మం. అందుకని నా మోటారు సర్వీసును మార్చిలోనే, శివరాత్రి రద్దీ అయిపోయిన తర్వాత కాళహస్తి మీదుగా పోయి చేయించుకుంటాను. పాత గేరు ఆయిలును నా కళ్ల ముందే తెల్లని గిన్నెలోకి పట్టించి, రంగు చూశాకే కొత్తది పోయనిస్తాను.